మిస్సోరీ బీడులో అడవి ప్లమ్ పొదలు పెంచిన నా అనుభవం

కాన్సస్ సిటీ నుంచి దక్షిణంగా గంటంబావు ప్రయాణిస్తే వచ్చే బేట్స్ కౌంటీలో, మిస్సోరీ రాష్ట్రపు పడమటి అంచున, 2016 చివర మేము 36 ఎకరాల బీడు కొన్నాము. అందులో పంట పండించాలన్న ఆలోచన మాకు లేదు. చాలా ఏళ్లుగా పశువులు మేసి వదిలిన నేల అది. మధ్యలో ఒక చిన్న వాగు, వాగు పొడవునా వాల్‌నట్, హాక్‌బెర్రీ చెట్లు, మిగిలినదంతా మోకాలెత్తు పచ్చగడ్డి. ఆ నేలను మళ్లీ పిట్టలూ జంతువులూ బతికే చోటుగా మార్చాలన్నదే నా కోరిక. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది; శని, ఆదివారాలు తప్ప నాకు వేరే సమయం లేదు. అయినా ఆ పని చేసి తీరాలని అనుకున్నాను.

కొన్న తరువాత మొదటి వేసవిలో పక్క పొలం ఆసామి కంచె దగ్గర నిలబడి ఒక మాట చెప్పారు. ఆయన డెబ్బై దాటిన పశువుల రైతు. తన చిన్నతనంలో మే, జూన్ నెలల్లో ఈ చుట్టుపక్కల ఏ కంచె దగ్గర నిలబడినా బాబ్‌వైట్ పిట్ట కూత వినిపించేదని, ఇప్పుడు ఏళ్ల తరబడి ఒక్కటి కూడా వినలేదని ఆయన బాధపడ్డారు. బాబ్‌వైట్ అంటే మన కౌజు పిట్టను పోలిన చిన్న నేలపిట్ట. వసంతంలో మగపిట్ట ఈల వేసినట్టు తన పేరునే తాను పలుకుతుంది. పెద్దాపురం దగ్గర మెట్ట గ్రామమైన మా అమ్మమ్మగారి ఊళ్లో, తెల్లవారుజామున చెలక గట్ల మీది రేగు పొదల్లోంచి కౌజులు కూస్తుంటే వింటూ పడుకున్న రోజులు నాకు గుర్తుకు వచ్చాయి. ఆ రోజు నుంచి నా పనికి ఒక గురి ఏర్పడింది.

బాబ్‌వైట్ ఎందుకు తగ్గిపోయిందో చదివిన కొద్దీ నా పొలమే దానికి ఉదాహరణగా కనిపించింది. అమెరికాలో పక్షుల లెక్కింపు ఒక పద్ధతి ప్రకారం మొదలైన 1966 నుంచి చూస్తే ఈ పిట్టలు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిపోయాయి. ముళ్లతీగ కంచె 1874లో రాకముందు ఈ ప్రాంతపు రైతులు ఓసేజ్ ఆరెంజ్ అనే ముళ్ల చెట్లను వరుసగా నాటి వాటినే కంచెగా పెంచేవారు. తరువాతి కాలంలో ఆ చెట్ల వరుసలను చాలా చోట్ల బుల్డోజర్లతో పెకలించారు. కెంటకీ 31 అనే ఫెస్క్యూ గడ్డి 1943లో విడుదలై, పశుగ్రాసంగా ఊరూరా పాకిపోయింది. అది చాపలా అల్లుకుపోయే గడ్డి. అరచేయంత పిట్ట, అందులోనూ బొటనవేలంత దాని పిల్ల, ఆ గడ్డి మొదళ్ల మధ్య నడవలేదు. ఈ పిట్టకు పైన డేగ కంటపడని కప్పు, కింద నడవడానికి ఖాళీ నేల, రెండూ ఒకే చోట కావాలి. ఆ రెండింటినీ ఇచ్చే స్థానిక మొక్కల్లో అడవి ప్లమ్ ముఖ్యమైనది.

అడవి ప్లమ్‌ను శాస్త్రంలో ప్రూనస్ అమెరికానా అంటారు. మన అంగళ్లలో ఆల్‌బకరా పేరుతో దొరికే పండుకు ఇది దగ్గరి చుట్టం. రేగుకు మాత్రం కాదు, కుటుంబమే వేరు. అయితే పొద తీరు, ముళ్లు, గట్ల మీద పెరిగే స్వభావం చూసి, దీనిని మా ఇంట్లో మొదటి నుంచీ అమెరికా రేగు అనే పిలుచుకుంటున్నాము. పదిహేను నుంచి ఇరవై అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఏప్రిల్‌లో ఆకు రాకముందే కొమ్మ కనబడకుండా తెల్లగా పూస్తుంది. ఆ పూల వాసన చాలా దూరం వస్తుంది. ఆగస్టులో ఉసిరికాయంత పళ్లు ఎర్రగా, పసుపు కలిసిన ఎరుపులో పండుతాయి. వేర్ల నుంచి పిలకలు వేసుకుంటూ కొన్నేళ్లలో ఒక్క మొక్కే గుబురు పొదగా విస్తరిస్తుంది. ఈ చివరి లక్షణం ఎంత ముఖ్యమో అర్థం కావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మా పొలంలో అప్పటికే అడవి ప్లమ్ ఉందని 2017 వసంతంలో నేను పొరపాటు పడ్డాను. రోడ్డు వైపు కంచె పొడవునా తెల్లగా పూసిన చెట్లు చూసి ఎంతో సంతోషించి, ఫొటోలు తీసి అందరికీ పంపాను. దగ్గరికి వెళ్లి వాసన చూస్తే తియ్యటి వాసనకు బదులు కుళ్లిన చేప వాసన వచ్చింది. అవి క్యాలరీ పియర్ చెట్లు. నగరాల్లో అందం కోసం నాటిన ఈ విదేశీ చెట్ల గింజలను పిట్టలు బీళ్లలోకి మోసుకొచ్చాయి; ఇప్పుడు ఆ చెట్లు స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేస్తున్నాయి. ఆ ఏడాది అంతా వాటిని నరకడం, మోడుకు వెంటనే మందు పూయడం, ఇదే నా పని అయింది. మందు పూయకుండా నరికితే ఒక్కో మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. ఎవరైనా ఇలాంటి భూమి కొంటే, మొక్కలు నాటే ముందు ఒక పూర్తి సంవత్సరం ఊరికే గమనించి, ఏది ఏమిటో తెలుసుకోవడం మేలని నేను చెప్పగలను.

మిస్సోరీ పరిరక్షణ శాఖకు లికింగ్ అనే ఊళ్లో జార్జ్ ఓ. వైట్ ప్రభుత్వ అటవీ నర్సరీ ఉంది. రాష్ట్రంలోని భూయజమానులకు స్థానిక మొక్కలను వాళ్లు చాలా తక్కువ ధరకు ఇస్తారు. సెప్టెంబరు 1న కొత్త సీజన్‌కు ఆర్డర్లు మొదలవుతాయి. మొక్కలు చలికాలం చివర నుంచి వసంతం లోపల వస్తాయి. కుండీ, మట్టి ఏమీ లేకుండా వట్టి వేర్లతో, నిద్రావస్థలో ఉన్న ఏడాది మొక్కలను కట్టలు కట్టి ఇస్తారు. 2017 సెప్టెంబరులో 75 అడవి ప్లమ్ మొక్కలకు డబ్బు కట్టాను. 2018 ఏప్రిల్ మొదటి వారంలో కట్టలు చేతికి వచ్చినప్పుడు అవి నాకు పొయ్యిలోకి తెచ్చుకునే పుల్లల్లా కనిపించాయి.

మా నాన్నగారిది కోనసీమలో అరటి తోట. నేను పెరిగింది ఆ తోటలోనే కాబట్టి, మొక్క నాటడం అంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. తాడు కట్టి, వరుసలు గీసి, సమదూరంలో గుంతలు వేసి, 75 మొక్కలనూ కొండవాలు పొడవునా మూడు వరుసల్లో నాటాను. నాటడానికి ముందు వేర్లను గంటసేపు నీళ్లలో ఉంచాను, నాటేటప్పుడు వేరు మడత పడకుండా చూశాను, పాదులు కట్టి నీళ్లు పోశాను. ఇవన్నీ సరిగానే చేశాను. చేయవలసిన అసలు పని మాత్రం చేయలేదు. చుట్టూ ఉన్న ఫెస్క్యూ గడ్డిని చంపకుండా, పాదు మేరకు చెక్కి వదిలేశాను.

జూన్ నాటికి పాదులన్నీ గడ్డిలో కలిసిపోయాయి. ఆ వేసవి బాగా ఎండిపోయింది. మేమున్న చోటికీ పొలానికీ దూరం వల్ల వారానికి ఒకసారికి మించి నీళ్లు పోయలేకపోయాను. పోసిన నీళ్లను కూడా ముందు గడ్డి వేర్లే పీల్చుకున్నాయి. ఎండకు తట్టుకున్న మొక్కలను జింకలు, కుందేళ్లు పంచుకున్నాయి. ఏది ఎవరి పనో తెలుసుకోవడం ఇక్కడే నేర్చుకున్నాను. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. జింకకు పైవరుస ముందుపళ్లు ఉండవు కాబట్టి కొమ్మను పట్టి లాగి చింపుతుంది, చివర పీచుపీచుగా మిగులుతుంది. శీతాకాలంలో మంచు కింద దాక్కుని పొలం ఎలుకలు మొదలు చుట్టూ బెరడు గీకేశాయి. మరుసటి వసంతంలో లెక్క పెడితే 75లో 19 మాత్రమే చిగురించాయి.

దానికి ముందే, 2018 ఆగస్టులో, ప్రైవేటు భూముల యజమానులకు సలహా ఇచ్చే పరిరక్షణ శాఖ ఉద్యోగిని ఒకామె మా పొలానికి వచ్చారు. ఈ సేవకు వాళ్లు డబ్బు తీసుకోరు. ఆమె నా వరుసలను చూసి తప్పు పట్టలేదు. ఒక ప్రశ్న అడిగారు. ఒక డేగ వెంటపడితే, ఈ వరుసలో ఏ మొక్క కింద పిట్ట దాక్కుంటుందని మీరు అనుకుంటున్నారు? నాకు సమాధానం దొరకలేదు. విడివిడిగా నిలబడిన మొక్కలు ఎన్ని ఉన్నా పిట్టకు పనికిరావని, 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు తగ్గకుండా ఒకే చోట దట్టమైన గుబురు ఉంటేనే శీతాకాలంలో ఒక పిట్టల మంద దాన్ని నమ్ముకుంటుందని ఆమె వివరించారు. ఒక గుబురుకూ మరొక గుబురుకూ మధ్య దూరం సాఫ్ట్‌బాల్ విసిరితే పడేంత మాత్రమే ఉండాలట. కొలతల పట్టికలు ఎన్ని చదివినా గుర్తుండనిది, ఆ బంతి విసిరే దూరం మాత్రం నాకు గుర్తుండిపోయింది. మా అబ్బాయి చేత నిజంగానే బంతి విసిరించి, పడిన చోట మేకులు పాతాము.

గడ్డి సంగతి కూడా ఆమే చెప్పారు. మిస్సోరీ స్థానిక గడ్డి జాతులు చాలా వరకు చలి మొదలవగానే ఎండి నిద్రపోతాయి. ఫెస్క్యూ మాత్రం నవంబరులో కూడా పచ్చగా ఉంటుంది. కాబట్టి రెండు మూడు సార్లు గడ్డకట్టే చలి పడిన తరువాత, పగలు కాస్త ఎండ ఉన్న రోజు చూసి గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొడితే ఫెస్క్యూ చస్తుంది, నిద్రలో ఉన్న గడ్డి బతుకుతుంది. ఆ అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు గుబుర్లకు అనుకున్న స్థలాలతో పాటు, వాటి చుట్టూ 20 అడుగుల మేర కూడా అలాగే మందు కొట్టాను. కలుపు మందు వాడడం నాకు ఇష్టం లేని పని. అయినా ఈ గడ్డిని చేతితో పీకి గెలవడం ఒక మనిషి వల్ల అయ్యేది కాదని ఒక వేసవి నాకు నేర్పింది. తరువాతి వసంతంలో ఆ నేలలో, నేను గింజ వేయకుండానే, లిటిల్ బ్లూస్టెమ్ అనే స్థానిక గడ్డి దుబ్బులు దుబ్బులుగా లేచింది. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య ఖాళీ నేల కనిపించింది. పిట్టకు కావలసింది ఆ ఖాళీయే.

2019 ఏప్రిల్‌లో మరో వంద మొక్కలు తెచ్చి, రెండు చోట్ల, చోటుకు యాభై చొప్పున, ఆరడుగుల దూరంలో నాటాను. ఈసారి మొక్క మొక్కకూ గూడు కట్టే ఖర్చుకు బదులు, గుంపు మొత్తం చుట్టూ ఐదడుగుల ఇనుప వల కంచె వేశాను. కింద రెండడుగుల మేర కుందేళ్లు దూరకుండా సన్న కన్నుల వల కలిపి కట్టాను. ఇరుకైన చోటులోకి దూకడానికి జింకలు వెనుకాడతాయని విన్నాను. మా పొలంలో మూడేళ్ల పాటు ఒక్క జింక కూడా లోపలికి దూకలేదు. మొదళ్ల చుట్టూ చెక్కపొట్టు పరిచాను కానీ, ఎలుకలకు దాపు కాకుండా కాండానికి బెత్తెడు దూరం ఖాళీ వదిలాను. ఆ ఏడాది వానలు పుష్కలంగా కురిశాయి. వందలో 87 బతికాయి.

ఇక గింజల విషయం. నర్సరీ మొక్కలు బాగున్నా, మా చుట్టుపక్కల నేలలో తరతరాలుగా బతుకుతున్న ప్లమ్ చెట్ల సంతతి కూడా నా పొలంలో ఉండాలని నాకు కోరిక కలిగింది. 2019 ఆగస్టులో ఇరుగుపొరుగు రైతుల అనుమతితో, ఒకదానికొకటి మైళ్ల దూరంలో ఉన్న ఐదు పొదల నుంచి పళ్లు ఏరాను. చేతులతో పిసికి గుజ్జు తీసి, టెంకలను బకెట్ నీళ్లలో వేశాను. తేలినవి తాలు, వాటిని పారేశాను. మునిగినవి 160 ఉన్నాయి. వాటిని ఎండబెట్టకూడదు. తడి ఇసుకలో కలిపి, సంచుల మీద ఏ పొదవో రాసి, కొన్ని వారాలు గదిలోనే ఉంచి, తరువాత వంటింటి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాను. అడవి ప్లమ్ గింజకు మూడు నుంచి ఐదు నెలల తడిచలి తగిలితే తప్ప మొలక రాదు. శీతాకాలం మధ్యలో ఒక వెచ్చని వారం వస్తే మోసపోయి మొలిచి, ఆ వెంటనే గడ్డకట్టి చావకుండా ప్రకృతి గింజలో పెట్టిన కాపలా అది. కొత్తిమీర కట్టల పక్కన ఐదు ఇసుక సంచులను నవంబరు నుంచి ఏప్రిల్ దాకా భరించిన నా భార్య ఓపిక లేకపోతే ఈ పని జరిగేది కాదు. పదిహేను రోజులకోసారి సంచి తెరిచి బూజు చూడడం, ఇసుక ఆరితే నాలుగు చుక్కలు చిలకరించడం ఆమే చేశారు. మార్చి మూడో వారంలో ఒక సాయంత్రం ఆమె ఆఫీసుకు ఫోన్ చేసి, టెంక చీలి తెల్లటి వేరు బయటికి వచ్చిందని చెప్పినప్పుడు, నాకు మళ్లీ పని మీద మనసు నిలవలేదు.

2020 ఏప్రిల్‌లో అందరమూ ఇళ్లలోనే ఉన్న రోజులు కావడంతో వాటిని పొడవాటి కుండీల్లో నాటి రోజూ చూసుకునే వీలు కలిగింది. ప్లమ్ మొక్క ముందు వేరును లోతుకు పంపుతుంది, అందుకే కుండీ వెడల్పు కంటే లోతు ముఖ్యం. 160 టెంకల్లో 92 మొక్కలయ్యాయి. ఏడాది పెంచి, 2021 వసంతంలో వాటిలో బలమైనవి 60 ఏరి, రెండు గుంపుల్లో చనిపోయిన మొక్కల ఖాళీల్లోనూ, గుంపుల అంచుల్లోనూ నాటాను.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు గురించి చెప్పాలి. మొదటి ఏడాది బతికి బయటపడిన 19 మొక్కలు మూడో వేసవిలో పిలకలు వేయడం మొదలుపెట్టాయి. తల్లి మొక్కకు నాలుగడుగుల దూరంలో, ఆరడుగుల దూరంలో, గడ్డిలోంచి ఎర్రటి చివుళ్లు లేచాయి. అరటి తోటలో పిలకను చూసినప్పుడు చేయి దానంతట అదే కత్తి అందుకుంటుంది. గెల వేసేదాకా పిలకలను పెరగనిస్తే తల్లి బలం తగ్గుతుందని, వచ్చిన పిలకను వచ్చినట్టే కోసివేయాలని నాన్నగారు చిన్నప్పుడే నేర్పారు. ఆ చదువు నా చేతుల్లో ఉంది. 2020, 2021 వేసవులు రెండూ, వారం వారం వెళ్లి ఆ పిలకలన్నీ నేలమట్టానికి కోసివేశాను. 2021లో కొత్త గుంపుల్లో వచ్చిన పిలకలనూ వదలలేదు. కింది కొమ్మలను కూడా కత్తిరించి, ప్రతి మొక్కనూ ఒకే కాండంతో, గొడుగులాగా, చూడముచ్చటగా తీర్చిదిద్దాను.

ఆ శరదృతువులో పరిరక్షణ శాఖ ఉద్యోగిని మళ్లీ వచ్చారు. చెట్లు ఆరోగ్యంగా ఉన్నాయని మెచ్చుకుని, పొద ఏదని అడిగారు. వంగి నేల మట్టం నుంచి గుంపు అవతలి వైపుకు చూడమన్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఈ చివర నుంచి ఆ చివరకు, యాభై అడుగులు, అడ్డం లేకుండా కనిపించింది. పిట్ట కన్ను ఉండే ఎత్తులో నుంచి నేను నా పొలాన్ని చూడడం అదే మొదటిసారి. నాలుగేళ్లు పిట్ట కోసమని చెప్పుకుంటూ నేను పెంచింది పళ్ల తోట. పిలకలే పొద అవుతాయని, కింది కొమ్మలు నేలను తాకితేనే డేగ దూరదని, అయితే పైకప్పు నీడకు గడ్డి చచ్చి లోపల నేల బోడిగా ఉంటుంది కాబట్టి పిట్ట మాత్రం హాయిగా నడుస్తుందని ఆమె ఓపికగా చెప్పారు. ఈ మొక్కకు పిలక దొంగ కాదు. అది విస్తరించే దారి. ఆ రోజు కత్తెర ఇంటికి తెచ్చేసి, నేరుగా నాన్నగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "గెల కోసం పెంచేదానికి ఒక లెక్క, నీడ కోసం పెంచేదానికి ఒక లెక్క నాన్నా, నువ్వు దేనికోసం పెంచుతున్నావో దాన్ని అడగాలి కదా" అన్నారు.

2022 నుంచి పిలకల జోలికి పోలేదు. గుంపు బయట పదిహేను అడుగుల పట్టీని మాత్రం ఏడాదికి ఒకసారి గడ్డి కోసే మిషన్‌తో కొడతాను. పొద మరీ పాకిపోకుండా అదే హద్దు, గడ్డికి నిప్పు పెట్టే ఏడాది మంట పొదకు అంటకుండా అదే అడ్డుకట్ట. మొక్కలు జింక నోటికి అందని ఎత్తుకు చేరాక కంచె తీసేశాను. రెండేళ్లలో పిలకలు ఎంత వేగంగా లేచాయంటే, లోపలికి వెళ్లాలంటే మందపాటి చొక్కా, చేతి తొడుగులు లేకుండా సాధ్యం కాలేదు.

పూత, కాపు సంగతులు కూడా చెప్పాలి. 19 పాత మొక్కల్లో కొన్ని 2021 ఏప్రిల్‌లో మొదటిసారి పూశాయి. ఆ నెల 20వ తేదీన మంచు కురిసి, పూత మాడిపోయింది. 2022లో బాగా పూసింది కానీ, పిందెల మీద నెలవంక ఆకారంలో గాట్లు కనిపించాయి. ప్లమ్ కర్క్యూలియో అనే ముక్కు పురుగు గుడ్డు పెట్టిన గుర్తు అది. జూన్‌లో పిందెలు చాలా వరకు రాలిపోయాయి. తోట అయితే మందు కొట్టేవాడిని. ఇక్కడ పురుగు కూడా పిట్టకు తిండే. బాబ్‌వైట్ పిల్లలు మొదటి వారాల్లో పురుగులు తినే పెరుగుతాయి. డెలావేర్ విశ్వవిద్యాలయపు కీటక శాస్త్రవేత్త డగ్ టాలమీ, సీతాకోకల, రెక్కల పురుగుల గొంగళ్లకు ఆహారమిచ్చే మొక్కల్లో ఓక్ తరువాతి వరుసలోనే ఈ ప్రూనస్ జాతిని లెక్కపెట్టారు. అందుకని ఆకుల మీది చిల్లులను నేను నష్టంగా చూడడం మానేశాను. బ్లాక్ నాట్ అనే తెగులును మాత్రం ఉపేక్షించను. కొమ్మకు నల్లటి తారు ముద్ద అంటించినట్టు కనిపిస్తుంది. శీతాకాలంలో, ముద్దకు నాలుగంగుళాల కింద నుంచి కోసి కాల్చివేస్తాను.

ఆ కోతలో ఒక హెచ్చరిక కూడా దొరికింది. ఒక వేసవిలో గాలివానకు విరిగిన కొమ్మలను కంచె పక్కన కుప్ప వేస్తే, పక్క పొలం ఆసామి పరుగున వచ్చి తీయించారు. ఈ జాతి మొక్కల ఆకులు వాడినప్పుడు వాటిలో సైనైడ్ విషం పుడుతుంది; పశువులు తింటే ప్రాణానికి ముప్పు. టెంకలోని పప్పులోనూ ఆ గుణమే ఉంటుంది కాబట్టి, పచ్చడికైనా జామ్‌కైనా టెంక పగలకుండా చూసుకోవాలి.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అడవి ప్లమ్ పువ్వు తన పుప్పొడితో తాను కాయ కట్టదు. జన్యుపరంగా వేరే అయిన మరో చెట్టు పుప్పొడి తేనెటీగల ద్వారా రావాలి. రోడ్డు పక్కన నూరడుగుల పొద విరగపూసి కూడా పది కాయలు కాయని చోట్లు నేను చూశాను. ఆ పొద మొత్తం ఒకే తల్లి పిలకలు, అంటే నిజానికి ఒకే చెట్టు. నా గుంపుల్లో నర్సరీ మొక్కలతో పాటు ఐదు పొదల గింజ మొక్కలు కలిసి ఉండడం వల్ల, 2023లో కొమ్మలు వంగేలా కాశాయి. ఆ ఆగస్టులో మా అమ్మ ఇక్కడే ఉంది. పండు తొక్క వగరు, పులుపు. లోపలి గుజ్జు తేనెలా ఉంటుంది. అమ్మ దోరకాయలతో మామిడికాయ పప్పు లాగా పప్పు చేసింది, ఎండుమిరపకాయలు, మెంతులు వేయించి ఒక సీసా పచ్చడి పెట్టింది. పక్క పొలం ఆసామి ఇంటికి కూడా పంపాము. ఎక్కువ పళ్లను మాత్రం చెట్టుకే వదిలేశాము. రాత్రిళ్లు రకూన్లు, నక్కలు, పగలు పిట్టలు తినగా సెప్టెంబరు నాటికి టెంకలే మిగిలాయి.

ముందుగా వచ్చినది బాబ్‌వైట్ కాదు. 2022 మే నెలలో బ్రౌన్ థ్రాషర్ అనే పిట్టల జంట గూడు కట్టింది. మరుసటి వేసవిలో బెల్స్ విరియో అనే చిన్న పిట్ట పొద నడిమధ్యలో రోజంతా పాడింది. 2023 అక్టోబరులో ఒక ఆదివారం, సూర్యోదయానికి అరగంట ముందు, నేను రెండో గుంపు దగ్గర చలిలో నిలబడి ఉన్నాను. శరదృతువులో బాబ్‌వైట్‌లు మందలుగా చేరి, తెల్లవారుజామున ఒక మంద ఇంకో మందకు తన ఉనికి చెబుతుందని చదివాను. వాగు అవతలి నుంచి, రెండక్షరాల ఈల, ఒకటి, రెండు, ఆపైన వరుసగా వినిపించింది. ఆ వెంటనే నా ముందున్న పొదలోంచి దానికి జవాబు వచ్చింది. పొద్దెక్కిన తరువాత నేరుగా పక్క పొలానికి నడిచి వెళ్లి ఆసామికి చెప్పాను. మరుసటి శనివారం చీకటితోనే ఆయన వచ్చారు. ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు. కూత వినిపించినప్పుడు ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

2024 జనవరిలో మంచు పడిన మరునాడు వెళ్లి చూస్తే, బయట జానెడు మంచు పేరుకున్నా పొద లోపల అక్కడక్కడ నేల నల్లగా కనిపిస్తోంది. అంచున మంచు మీద మూడువేళ్ల సన్నటి అడుగుజాడలు, ఒకదాని వెంట ఒకటి, లోపలికి వెళ్లి ఉన్నాయి. పది పన్నెండు పిట్టల జాడలుంటాయని లెక్క వేశాను. దగ్గరికి వెళ్తే లేచిపోతాయని భయపడి అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. చలిలో వాటిని లేపి ఎగరగొట్టడం కంటే పెద్ద అపకారం లేదు.

వాగు అవతల, బంతి విసిరే దూరంలో, మూడో గుబురుకు చోటు ముందు శరత్తులోనే గడ్డి చంపి సిద్ధం చేసి ఉంచాను. ఆ మార్చిలో మొగ్గ పగలకముందు గునపం, పార పట్టుకుని, ఒక తల్లి నుంచి కాకుండా తొమ్మిది వేర్వేరు తల్లుల నుంచి, వేరుతో సహా 48 పిలకలు తవ్వి తీశాను. అరటిలో సూది పిలక తీసేటప్పుడు తల్లి దుంప తెగకుండా పార ఎక్కడ దించాలో నాన్నగారు నేర్పిన పద్ధతే ఇక్కడా పనికి వచ్చింది. ఏ పిలక ఏ తల్లిదో తెలియడానికి రంగు దారాలు కట్టి, ఒకే రంగువి రెండు పక్కపక్కన పడకుండా కలిపి నాటాను. సాయంత్రానికి వేళ్లన్నీ ముళ్లు గీరుకుని ఉన్నాయి. మొన్న లెక్క పెట్టినప్పుడు 41 చిగురించి ఉన్నాయి.